అడ్డనార మీద ఐదు ముడులు

మా మేజిస్ట్రేటుగారు పోయారు. ఆ మాట నాకు చేరేసరికి ఆయన పోయి పది రోజులు దాటింది. ఎర్రబోరు వైపు నుంచి చింతపండు వేసుకుని జగదల్‌పూర్ సంతకు వచ్చిన బండి మనిషి, ఎడ్లను కాడి నుంచి విప్పుతూ, ఇంకేదో చెప్పబోయి మధ్యలో అన్నాడు: "మీ పెద్దాయన పోయిండు గదా పంతులూ. నీకు తెల్వదా ఏంది?" నాకు తెలియదు. సంత నడిమధ్య నిలబడి ఏడవడానికి కూడా వీలుండదు. బుట్టల పక్కనే కూలబడ్డాను. ఎండదెబ్బ తగిలిందనుకుని ఆ మనిషి నాకు నీళ్ళు తాగించి, తువ్వాలుతో చాలాసేపు విసిరాడు. పాపం, వచ్చిన బేరం కూడా వదులుకున్నాడు.

కలప కోసం వెళ్ళే లారీ ఒకటి పట్టుకుని, దారిలో అది రెండుసార్లు చెడిపోతే రెండుసార్లూ దిగి నెట్టి, ఎర్రబోరు చేరాను. కర్మకాండ అంతా అయిపోయింది. ఆయన ఇంటి వసారాలో కూర్చునే ఇది రాస్తున్నాను. ఆయన మంచం మడిచి గోడకు ఆనించారు. చెప్పులు మాత్రం గుమ్మం బయట అలాగే ఉన్నాయి.

చదివేవాళ్ళలో ఆయన్ను చూసినవాళ్ళు తక్కువే ఉంటారు. పేరు విన్నవాళ్ళు ఉంటారు. పేరంటే తల్లిదండ్రులు పెట్టింది కాదు, లోకం తగిలించింది. ముడుల మేజిస్ట్రేటు. ముడులు లెక్కపెట్టడం చేతగాక రెండు ప్రాణాలు తీయించిన పెద్దమనిషి అని దాని తాత్పర్యం. ఆ పేరు బస్తర్ సంస్థానం దాటి గోదావరి దాకా పోయింది. భద్రాచలం సత్రంలో ముక్కూమొహం తెలియని ఒకాయన నాకే ఆ కథ చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ పేరు ఆయనది కాదు. ఎవరిదో చెప్పడానికే కూర్చున్నాను, చెప్పకుండా లేవను.

ఏడేళ్ళు ఆయన దగ్గర పేష్కారుగా చేశాను. పేష్కారంటే కాగితాలు ముందు పెట్టేవాడు, వాంగ్మూలాలు రాసేవాడు, దొర విసుక్కుంటే పడేవాడు. ఈ దొర విసుక్కునే రకం కాదు. ఆ లోటు నేనే తీర్చేవాణ్ణి. మాది సరిహద్దు తహసీలు. కాగితం హిందీలో రాయాలి, వాకిట్లో జనం దోర్లీలో మాట్లాడతారు, అడవి గార్డు హల్బీలో తిడతాడు, మేమిద్దరం తెలుగులో గొణుక్కుంటాం. ఆయన కచేరీలోకి చెప్పులు విప్పి వచ్చేవారు. ఇదేమైనా గుడా అని అడిగితే, వచ్చేవాళ్ళెవరికీ చెప్పులు లేవు గదా, నా ఒక్కడి చప్పుడెందుకు అన్నారు. సాక్షి ఎవరొచ్చినా ఆయన మొదటి ప్రశ్న ఒకటే, ఏం తిని వచ్చావని. ఏమీ లేదంటే ముందు గంజి పోయించేవారు. వాడు ఆ గంజి తాగి మూతి తుడుచుకునేలోగా నా కలం ఎండిపోయేది. "ఆకలి మీదున్నోడి సాక్ష్యం సగమే, పేష్కారూ" అనేవారు.

జేబులో ఎప్పుడూ వేయించిన చింతగింజలు ఉండేవి. వాదులాడుకునే ఇద్దరికీ చెరో గుప్పెడు పెట్టేవారు. దవడలు నొప్పెట్టేలా నములుతుంటే ఇక కేకలెక్కడివి? జగదల్‌పూర్ నుంచి తనిఖీకి వచ్చిన ఒక అధికారికి కూడా పెట్టారు. ఆయన పన్ను ఒకటి కదిలింది. ఆ సంవత్సరం మా కచేరీకి కొత్త బెంచీలు రాలేదు, కారణం అదేనని ఇప్పటికీ నా అనుమానం.

ఇక ముడుల సంగతి. కచేరీకి రమ్మంటూ మొహరు వేసిన సమను పల్లెకు పంపితే, దాన్ని చూసి పల్లెకు పల్లె అడవిలోకి పారిపోయేది. కాగితం వచ్చిందంటే ఎవరినో కట్టి తీసుకుపోతారని వాళ్ళకు తెలుసు, తెలియడానికి కారణాలూ ఉన్నాయి. కాగితం చూస్తే పరుగెత్తేవాడికి మళ్ళీ కాగితమే పంపితే తప్పెవరిదని ఆయన వాదన. దోర్ల పల్లెల్లో పెళ్ళికో పండుగకో పిలవాలంటే ఒక పద్ధతి ఉంది. అడ్డాకులు కోసే తీగ ఉంటుందే, దాని నార తీసి, ఎన్ని రోజులుంటే అన్ని ముడులు వేసి పంపుతారు. అందుకున్నవాళ్ళు రోజూ పొద్దున్నే ఒక ముడి విప్పుతారు. ఆఖరి ముడి విప్పిన రోజు బయలుదేరి వస్తారు. మేజిస్ట్రేటుగారు ఆ పద్ధతే కచేరీకి తెచ్చారు. జనం రావడం మొదలుపెట్టారు, అదీ చెప్పిన రోజుకు. ముడులు వేసే పని నాది. కలం పట్టిన చేత్తో ఈ నార మెలిపెట్టడం ఏమిటని ఇంట్లో రోజూ సణిగేవాణ్ణి.

ఆ రోజుల్లోనే ఒక సాధువు అడవి దారిన వచ్చి, వాగు అవతలి పల్లెలో రెండు నెలలుండి, మెడల్లో తులసిపూసల కంఠీలు వేసి వెళ్ళాడు. కంఠీ వేసుకున్నవాళ్ళు ఇప్పసారా మానేశారు, కోడి మానేశారు, ఏకాదశి పట్టారు. అంతవరకు ఎవరికీ నొప్పి లేదు. విత్తనాల పండుగకు వాగు ఇవతలి పల్లెతో కలిసి గ్రామదేవత తల్లికి కోడిని బలి ఇవ్వాలి. కంఠీవాళ్ళు మేము ఇవ్వం అన్నారు. ఆ యేడు వాన ఆలస్యమైంది. తల్లి కోపం మీ వల్లేనని ఇవతలివాళ్ళు అన్నారు, అవతలి పశువులను అడవిలోకి పోనివ్వలేదు. ఒకరి కంఠీ తెగింది, ఒకరి సారాకుండ పగిలింది. ఈ రెండు పల్లెలూ తరతరాలుగా పిల్లనిచ్చి పుచ్చుకున్నవి. ఒకే ఇంట్లో అక్క ఆ గట్టున, చెల్లెలు ఈ గట్టున.

పై అధికారులు పోలీసులను పంపమంటే ఈయన వద్దన్నారు. దేవుళ్ళ తగువు దేవుళ్ళు చూసుకుంటారు, మన దగ్గరికి వచ్చేది పశువుల తగువే గదా అన్నారు. ముందు ఒక పల్లెను పిలిచి విడిగా వినడం, వాళ్ళను పంపేశాక రెండో పల్లెను వినడం, చెరో మెట్టు తగ్గేలా ఒప్పించాక మూడోసారి ఇద్దరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి అన్నం పెట్టడం, ఇదీ ఆయన ఎత్తు. ఎంత కోపంలో ఉన్నా రెండు పల్లెలూ ఒకేసారి ఎదురుపడకూడదు, అదొక్కటే ముఖ్యమని నాకు నాలుగుసార్లు చెప్పారు. ఒకే రోజు నుంచి లెక్కపెట్టేలా కంఠీవాళ్ళకు ఐదు ముడులు, ఇవతలివాళ్ళకు ఆరు. నా చేత్తో నేనే వేశాను.

ఐదు ముడుల నార తీసుకోవడానికి కంఠీ పల్లె పెద్దాయన సంత నాడు కచేరీ వసారాకు వచ్చాడు. ఒంటి మీద గోచీ, మెడలో కొత్త కంఠీ. నార అందుకుని, వేలితో ముడులు తడిమి చూసి, వెళ్ళకుండా నిలబడ్డాడు.

"అయ్యా, మూడో నాడు ఏకాసి వస్తది. ఆ పొద్దు మేము కట్టేది లేదు, ఇప్పేది లేదు. గురువు మాట. మరి మా లెక్క ఒకనాడు ఎనక్కి పోతది. దొరకు చెప్పు."

నేను నవ్వాను. నిన్నమొన్నటిదాకా ఇప్పచెట్టు కింద పడి లేచినవాళ్ళకు ఏకాదశట అని నవ్వాను. మా ఇంట్లో తాతల కాలం నుంచి ఏకాదశి ఉంది. నేనూ ఉపవాసం ఉంటాను. నాది ఆచారం, వాడిది వేషం అనిపించింది నాకు, అంతకంటే దాచేదేం లేదు. సరే సరే పొమ్మన్నాను. ఆయన దండం పెట్టి వెళ్ళాడు. నా పక్కన బియ్యం సంచి ఉంది, ఇంటికి చేర్చాలి, ఎండెక్కుతోంది. మేజిస్ట్రేటుగారికి చెప్పలేదు. మరిచాననుకోండి. ఇంతవరకైతే మరుపు కిందే పోయేది.

ఐదో రోజు కంఠీవాళ్ళు రాలేదు. ఇరవై మందికి కాచిన గంజి చల్లారి మీగడ కట్టింది. మేజిస్ట్రేటుగారు వసారాలోకి, లోపలికి తిరుగుతూనే ఉన్నారు. మధ్యాహ్నం దాటాక నా బల్ల దగ్గరకు వచ్చి, ఎందుకు రాలేదంటావు అని అడిగారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. ముసలాయన మాట, వేలితో ముడులు తడమడం, అన్నీ గుర్తొచ్చాయి. వాళ్ళొచ్చేది రేపు. రేపే రెండో పల్లె కూడా వస్తుంది. ఎండ ఇంకా బాగా ఉంది, పాకలో గుర్రం ఉంది, ఇవతలి పల్లె నాలుగు కోసుల దూరం. రేపు రావద్దని ఒక మనిషిని పంపితే సరిపోయేది. కానీ చెప్పాలంటే, నాకు ముందే చెప్పారని, విని నేను నవ్వానని కూడా చెప్పాలి.

"వస్తారు లెండి. వీళ్ళకు రోజుల లెక్కెక్కడిది" అన్నాను.

ఆయన నా మాట నమ్మారు. ఏడేళ్ళుగా నమ్ముతున్నారు.

మర్నాడు పొద్దున కంఠీవాళ్ళు భజన పాడుకుంటూ రేవు దాటి వచ్చారు. ఇవతలివాళ్ళు డోలు కొట్టుకుంటూ, ఆ తల్లికి మారుగా మొక్కే తల్లి కర్రను భుజాన ఎత్తుకుని బాటన వచ్చారు. కచేరీ కంచె బయట ఎదురుపడ్డారు. మమ్మల్ని రమ్మన్న రోజు వీళ్ళెందుకొచ్చారని ఇద్దరికీ అనుమానం. ఇద్దరూ తమ నారలు పైకెత్తి చూపించుకున్నారు. కాసేపు అరుపులే. తర్వాత ఎవరి చెయ్యో ఒకరి కంఠీ మీద పడింది, ఎవరి కర్రో తల్లి కర్రకు తగిలింది. ఇక ఆ తర్వాతది నేను రాయలేను. మేజిస్ట్రేటుగారు ఉత్త కాళ్ళతో పరుగెత్తి వాళ్ళ మధ్యకు వెళ్ళారు. నుదుట రాయి తగిలింది, ఆ మచ్చ చివరిదాకా ఉంది. నేను కచేరీ తలుపు వెనక ఉన్నాను.

ఇవతలి పల్లె మనిషి ఒకడు పోయాడు, పెళ్ళై ఏడాది నిండలేదు. అవతల కంఠీ పల్లె పెద్దాయన పోయాడు. ఆయన గుప్పిట్లో నార ఉంది, ముడులన్నీ విప్పి ఉంది. మేజిస్ట్రేటుగారు నెత్తురు కారుతున్న నుదురుతో ఆయన పక్కన కూర్చుని, వేళ్ళు ఒక్కొక్కటే తెరిచి ఆ నార తీసుకున్నారు. నాకు ముందే చెప్పినట్టు తెలిసిన మనిషి ఇక లేడని నాకు ఆ క్షణాన తట్టింది. తట్టి, కొంచెం ఊపిరాడింది. ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది, అయినా రాయాలి.

జగదల్‌పూర్ నుంచి విచారణాధికారి వచ్చాడు. రెండు నారలు బల్ల మీద పెట్టి, ఈ రోజుల లెక్క ఎవరిదని అడిగాడు. నేను నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను, దేవుడి సాక్షి.

"లెక్క నాది" అన్నారు మేజిస్ట్రేటుగారు. అని నా వైపు తిరిగి, "పేష్కారూ, సాహెబుకు మంచినీళ్ళు తెచ్చిపెట్టు" అన్నారు.

నేను నీళ్ళు తెచ్చేసరికి సంతకం అయిపోయింది. ఆ వారమే ఆయన నౌకరీ పోయింది. నాకు జగదల్‌పూర్ బదిలీ అయింది, ఒక మెట్టు పైకే.

ఊరు మారి వెళ్ళిపోతారనుకున్నాం. వెళ్ళలేదు. ఎర్రబోరులో ఈ ఇల్లు తీసుకుని, వెట్టిచాకిరీ మీద, అడవి గార్డుల జులుం మీద జనానికి అర్జీలు రాసిపెట్టడం మొదలుపెట్టారు. తర్వాత సంతల్లో నిలబడి మాట్లాడటం, ప్రజలకు రాజ్యంలో మాట ఉండాలనడం. అలా రాజకీయాల్లోకి వచ్చారు. ఆయన ఉపన్యాసం వినడం కష్టం. మధ్యలో ఆగి, ముందు వరసలో వాళ్ళను ఏం తిన్నారని అడిగేవారు. ఏకాదశి ఏకాదశికి కంఠీ పల్లెలో, విత్తనాల పండుగకు ఇవతలి పల్లెలో తప్పకుండా కూర్చునేవారు. మొదట్లో రెండు చోట్లా ఆయనకు పీట వేయలేదట. నేల మీద కూర్చుని వచ్చేవారట. తర్వాత పీట వేశారు గానీ, ఆ రెండు పల్లెలూ ఒక పంక్తిలో మాత్రం కూర్చోలేదు. ఈ రోజుకూ కూర్చోలేదు.

ప్రతి పరగణా నుంచి ఒక ప్రతినిధి జగదల్‌పూర్ వచ్చి ప్రజల కష్టాలు దర్బారులో చెప్పుకోవచ్చని కబురొచ్చినప్పుడు, మా వైపు నుంచి ఈయన్నే పంపాలని చాలామంది అన్నారు. సంతలో సభ పెట్టారు. సెలవు పెట్టి నేనూ వెళ్ళి చివర కూర్చున్నాను. అడవి గుత్తేదారు మనిషి ఒకడు లేచి, "ముడులు లెక్కవెట్ట రానాయన రాజ్యం లెక్క జెప్తడా?" అన్నాడు. జనం గొల్లుమన్నారు. నాకు చెంప మీద కొట్టినట్టయింది. సగం లేచాను. వేదిక మీద నుంచి ఆయన నన్నొక్కణ్ణే చూసి, కూర్చోమని అరచెయ్యి కిందికి ఆడించారు. కూర్చున్నాను. ఆ రోజు గుత్తేదారు బావమరిది ప్రతినిధి అయ్యాడు, దర్బారులో నోరు మెదపకుండా తిరిగొచ్చాడు.

సభ అయ్యాక నన్ను పక్కకు పిలిచి, సర్కారు నౌకరివి, సభల్లో నీకేం పనయ్యా అని కోప్పడ్డారు. ఓహో, అందుకన్నమాట కూర్చోమన్నది అనుకున్నాను. ఆయనకేమీ తెలియదని నన్ను నేను నమ్మించుకోవడానికి ఆ కోపం బాగా పనికొచ్చింది. అడుసు తొక్కినవాడు కాలు కడుక్కోవాలి గదా. నేను ధోవతి కిందికి జార్చుకుని తిరిగాను ఇన్నేళ్ళూ.

ఇక్కడికి వచ్చిన రోజు అమ్మగారు, అంటే ఆయన భార్య, నాకు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి చివరి రోజుల సంగతులు చెప్పారు. జ్వరంలో కూడా వచ్చినవాళ్ళను ఏం తిన్నారని అడిగారట. పాడె లేచిన రోజు రెండు పల్లెలవాళ్ళూ వచ్చారట. బాటకు ఆ పక్కన వాళ్ళు, ఈ పక్కన వీళ్ళు నిలబడ్డారట. మధ్యలోంచి తీసుకుపోయారట.

చెప్పడం అయ్యాక లోపలికి వెళ్ళి గుడ్డలో చుట్టిన నార తెచ్చారు. ముసలాయన గుప్పిట్లోంచి తీసినది. ఎండి నల్లబడింది. దాని మీద మళ్ళీ ఐదు ముడులు వేసి ఉన్నాయి, వదులుగా, మంచాన పడ్డ మనిషి వేసినవి.

"పేష్కారు వస్తే ఇయ్యమన్నరు. రాకుంటే పంపొద్దన్నరు" అన్నారు అమ్మగారు.

ఇంకేమన్నారని అడిగాను. ఆమె చెప్పారు. కంఠీ పల్లె పెద్దాయన భార్య వాంగ్మూలం ఇచ్చిన రోజు, మా ఆయన ఏకాసి సంగతి కచేరీలో చెప్పొచ్చిండు, రాసేటాయన నవ్విండు అన్నదట. ఆ వాంగ్మూలం మేజిస్ట్రేటుగారు స్వయంగా రాసుకున్నారు. నాకిప్పుడు గుర్తొస్తోంది, ఆ రోజు నన్ను సిరా తెమ్మని పక్క ఊరికి పంపారు. ఆ మాట ఒక్కటి ఆయన కాగితం మీద పెట్టలేదు. నాకు అప్పటికి ఇద్దరు చిన్న ఆడపిల్లలు. ఇన్నేళ్ళూ అంతా కడుపులో పెట్టుకున్నారు. నుదుట మచ్చ, ఊరంతా నవ్వు, పోయిన నౌకరీ, పోయిన ఎన్నిక, అన్నీ ఆయన మీదే వేసుకుని, నా చేత మంచినీళ్ళు తెప్పించారు.

సమను అందాక వెళ్ళకపోతే ఎలా? మర్నాడు పొద్దున ఈ వసారాలోనే మొదటి ముడి విప్పాను, ఆ మర్నాడు రెండోది. మూడో రోజు ఏకాదశి. ఆ రోజు విప్పలేదు. ముసలాయన చెప్పినట్టే నా లెక్కా ఒకనాడు వెనక్కిపోయింది. ఈ రోజు ఆరో రోజు. ఇందాకే ఆఖరి ముడి విప్పి కాగితం ముందుకు లాక్కున్నాను. ఇది అచ్చయితే నా నౌకరీ ఉంటుందో పోతుందో తెలియదు. ముడుల లెక్క తప్పింది మేజిస్ట్రేటుగారికి కాదు, ఆ అడవి మనుషులకూ కాదు. పేష్కారుకు. రాయబోయి ఆగిన చోటల్లా ఆ ముసలాయన వేళ్ళు ముడులు తడమడమే కనిపించింది.

ఆయన పిలిచిన కచేరీకి, ఈ వసారాకే, వచ్చాను. ఏం తిని వచ్చావని అడిగే మనిషి లేడు. అమ్మగారు నన్నేమీ అడగకుండా గంజి తెచ్చి నా ముందు పెట్టి లోపలికి వెళ్ళారు. గిన్నె పక్కనే నార పడి ఉంది. ముడి ఒక్కటి లేదు, అయినా ముడులున్న ఐదు చోట్లా వంపులు అలాగే ఉన్నాయి. వేలితో ఎంత సాగదీసినా పోవడం లేదు.